ఘాట్‌లో బండి నీరసిస్తే

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే టర్బో డీజిల్ కారు ఉన్నట్టుండి నీరసించిపోతే, చాలా షెడ్లలో వినబడే మొదటి మాట ‘టర్బో పోయింది, మార్చాలి’. అంత ఖరీదైన మాటకు వెంటనే తల ఊపకండి. టర్బో ఇంజన్ వదిలే పొగతో తిరుగుతుంది, సూపర్‌చార్జర్ ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. రెండూ చేసేది ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తొయ్యడమే. ఆ గాలి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా వెళ్లే దారిలో రబ్బరు గొట్టం చిరిగినా, క్లిప్పు వదులైనా సత్తువ పోతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బుస్సుమనే చప్పుడు, వెనక నల్లపొగ, అతుకు దగ్గర నూనె జిడ్డు కనబడితే ముందు అక్కడే వెతకాలి. గొట్టంలో గాలి నింపి అతుకుల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలే చెబుతాయి. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగా నడిచిందా? ఇంజన్‌ను కాపాడటానికి బండిలోని కంప్యూటరే శక్తి తగ్గించి ఉండొచ్చు. స్కానర్‌తో ఆ కంప్యూటర్‌లోని లోపం కోడ్ చదవకుండా స్పానర్ పట్టడం కస్టమర్‌కు చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. నీలిపొగ వస్తూ ఆయిల్ తగ్గిపోతుంటే మాత్రం టర్బోనే అనుమానించాలి; వెనక్కి తిప్పి రామభద్రపురం దాకా ఎలాగో లాక్కెళ్దామనుకోకుండా అక్కడే ఇంజన్ ఆపేయండి.