ఆపరేషన్ ఉచితమే, గడియ ఉన్న గదే దొరకలేదు

"అయ్యగారూ, మందిరం వెనక గది రోజుకు మూడుసార్లు, అరగంట చొప్పున నాకిస్తారా? లోపలి నుంచి గడియ పడితే చాలు."

నిరుడు మా సంఘంలో పెరిగిన ఒక సోదరి నన్ను అడిగింది ఇంతే. డబ్బు అడగలేదు. సంఘంలోకి మళ్లీ చేర్చుకోమనీ అడగలేదు. చిన్నప్పుడు అబ్బాయి అనుకుని మేం పెంచిన బిడ్డ ఆమె. సండే స్కూల్లో కంఠత వాక్యాల బహుమతులన్నీ తనవే. చీర కట్టుకుని మందిరానికి వచ్చిన ఆదివారం నుంచి ఆమె పేరు మా రిజిస్టరులో లేదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, కాలనీ మాత్రం రాయను.

నేను ఏం జవాబు చెప్పాను? "ప్రార్థన చేద్దాం అమ్మా, కమిటీలో పెట్టి చెప్తాను" అన్నాను. పాస్టర్లం 'కాదు' అనలేనప్పుడు అనే మాట అది. పాస్టర్లకు తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు.

మద్రాసులో తరతరాలుగా వీధులూడ్చి, కాలవలెత్తి బతికిన తెలుగు కుటుంబాల్లో ఆమెదొకటి. ఒకటే గది, ఏడుగురు మనుషులు, నాలుగిళ్లకు కలిపి ఒక మరుగుదొడ్డి. అమ్మ దొంగచాటుగా మాట్లాడుతుంది, అన్న మాట్లాడడు. ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రిలో పైసా ఖర్చు లేకుండా అయింది. ఆ విషయంలో తమిళనాడును మెచ్చుకోవాలి. 2008లోనే ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టిన రాష్ట్రం ఇది. డిశ్చార్జి రోజున ఆమె చేతికి మందులు, ఒక కాగితం, సన్నం నుంచి లావు దాకా వరసగా నాలుగు డైలేటర్లు ఇచ్చి పంపారు. వాటిని ఎక్కడ కూర్చుని వాడాలో ఆ కాగితంలో లేదు.

ఈ మాట ఎత్తితే మన పెద్దలు తల దించుకుంటారు. అందుకే విడమరిచి చెప్తాను. ఆపరేషన్‌లో కొత్తగా ఏర్పరచిన యోని మార్గం మానుతున్న గాయం లాంటిది. మానే గాయం ముడుచుకుంటుంది. అది చర్మం స్వభావం. చెయ్యి కాలిన వాళ్లకు వేళ్లు వంకరపోకుండా ఫిజియోథెరపీ చేయిస్తారే, ఇదీ అంతే. లోపల పెట్టిన ప్యాకింగ్ సుమారు వారంలో తీస్తారు. ఆ తర్వాత డైలేషన్ మొదలు. చేతులు, డైలేటరు శుభ్రంగా కడుక్కోవాలి. నీటితో తయారైన జెల్ రాయాలి. పడుకుని, మోకాళ్లు మడిచి, ఊపిరి నిదానంగా వదులుతూ, బలవంతం చేయకుండా లోపల పెట్టి 15 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. మొదటి నెలల్లో రోజుకు మూడుసార్లో, ఇంకా ఎక్కువో, సర్జన్ ఎలా చెబితే అలా. పోను పోను తగ్గిస్తారు. ఏడాది దాటాక కూడా చాలామందికి వారానికి ఒకటి రెండుసార్లు ఉంటుంది, బతికినంత కాలం. మొదట్లో కాస్త రక్తపు చార కనిపించవచ్చు. జ్వరం, చెడు వాసన, ఆగని రక్తం ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. మధ్యలో మానేస్తే మార్గం మూసుకుపోతుంది. మళ్లీ తెరవాలంటే మరో ఆపరేషన్, అది మొదటిదానికంటే కష్టం. ఈ బాధ వద్దనుకుని లోపలి మార్గం లేని ఆపరేషన్ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. అది వాళ్ల నిర్ణయం.

గడియ సంగతికి వస్తాను. భయపడితే కటి కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకుంటే డైలేటరు పోదు, తోస్తే గాయం అవుతుంది. ఎవరు తలుపు తోస్తారో అని చెవులు రిక్కించి పడుకున్న మనిషికి ఈ చికిత్స పనిచేయదు. పది రూపాయల ఇనప గడియ ఇక్కడ మందులతో సమానం. ఆసుపత్రి ఇవ్వలేని మందు అది.

మా కమిటీకి మూడు వారాలు పట్టింది. వెనక గదిలో ఏముందో చెప్తాను: విరిగిన కుర్చీలు, పాత సౌండు బాక్సులు, క్రిస్మస్ నక్షత్రాలు. వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది. ఒక పెద్దాయన, "దేవుని మందిరంలోనా అయ్యగారూ, అదేం పని?" అన్నాడు. ఇంకొకాయన, "దేహం దేవుని ఆలయం కదా, దాన్ని కోయించుకున్నవాళ్లకు మనం వంత పాడాలా?" అన్నాడు. నేను బైబిలు కాలేజీలో గ్రీకు చదివినవాణ్ని, కొరింథీ పత్రిక మీద పేపరు రాసినవాణ్ని. ఆ రోజు నోరు తెరవలేదు. ఈలోపు ఆమె స్నేహితురాళ్ల గదిలో, నలుగురు లేచి పనికి పోయాక దొరికిన అరగంటలో రోజుకు ఒకసారి మాత్రమే చేసుకోగలిగింది. తర్వాత కాంట్రాక్టు మేస్త్రీ పనికి రమ్మన్నాడు, అదీ పోయింది. మూడు నెలలకు డాక్టరు చూసి, చాలావరకు ముడుచుకుపోయిందన్నారు.

"ఆ ఆపరేషన్ పాపమా కాదా, అది ముందు తేల్చండి" అని నన్ను నిలదీసేవాళ్లున్నారు. పాపం కాదని నా నమ్మకం. సరే, మీరు నమ్మకండి. తాగి తాగి లివరు చెడగొట్టుకున్న సహోదరుడి మంచం దగ్గరకు బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకెళ్లి ప్రార్థన చేసి వస్తున్నామా లేదా? అక్కడ లేని విచారణ ఇక్కడెందుకు?

"ఇది లైంగిక విషయం, మందిరంలో మాట్లాడేది కాదు" అనేవాళ్లకు ఇంకో సంగతి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు రేడియేషన్ తీసుకున్న స్త్రీలకు కూడా యోని ముడుచుకుపోకుండా ఇవే డైలేటర్లు వాడమని డాక్టర్లు చెప్తారు. పుట్టుకతోనే యోని ఏర్పడని అమ్మాయిలకూ చికిత్స ఇదే. ఎన్ని తెలుగు కుటుంబాలు తల్లులను రైలెక్కించి అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకొస్తాయో ఈ ఊళ్లో పాస్టర్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ తల్లుల్లో ఎందరికి డైలేటరు ఇచ్చారో, ఎందరు సిగ్గుపడి చీరల మడతల్లో దాచేశారో మన స్త్రీల సమాజం ఎప్పుడైనా అడిగిందా? సిగ్గు అంటగట్టేటప్పుడు మనకు ట్రాన్స్ మహిళ, క్యాన్సరు తల్లి అన్న తేడా లేదు.

చట్టం చేతులు దులుపుకుందని మాత్రం అనలేం. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు వచ్చింది. 2019 చట్టం 15వ సెక్షన్ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వాలంది, బీమా కల్పించాలంది. ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా కవరేజీ ప్రకటించారు. కానీ ఆ పథకంలో డిశ్చార్జి తర్వాతి ఖర్చు లెక్క 15 రోజులతో సరి. ఈ గాయం లెక్క ఏడాది. మిగిలిన 350 రోజులు ఎవరివి?

మనం అన్యాచారమని పేరు పెట్టే హిజ్రా జమాత్‌లో నిర్వాణం అయిన మనిషిని 40 రోజులు కూర్చోబెట్టి, పథ్యం పెట్టి, కాచుకునే ఆచారం ఉంది. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కాబట్టి మన భాషలో ఈ బతుకులు తెలుసుకునే దారి లేదని అనకండి. లేవీయకాండం 12వ అధ్యాయంలోనూ ప్రసవమైన తల్లికి మగబిడ్డయితే 40 రోజులు, ఆడబిడ్డయితే 80 రోజులు లెక్క ఉంది. దాన్ని మైల కింద బోధిస్తాం. అన్ని రోజులు ఆ శరీరం జోలికి ఎవరూ పోకూడదని కూడా అందులో ఉందని నాకనిపిస్తుంది. మన ఇళ్లలో బాలింతకు పక్క వేరు, చెంబు వేరు, వేన్నీళ్లు వేరు. కోలుకోవడం అంటే ఏమిటో తెలియని జాతి కాదు మనది.

యవ్వనస్థులతో ఒక మాట. ప్రైడ్ నెలలో మీ స్టేటస్‌లో ఇంద్రధనుస్సు చూస్తాను, సంతోషం. ఆ సోదరి గది కోసం తిరిగిన రోజుల్లో మా యూత్ గ్రూపులో ఐదుగురు అద్దె గదుల్లో ఉన్నారు. అందరూ ఇంటి ఓనరు ఏమంటాడో అన్నారు. నేను కమిటీ పేరు చెప్పాను, మీరు ఓనరు పేరు చెప్పారు.

ఐతియోపీయుడైన నపుంసకుడి మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆయన రథం, ఆయన చదువు, నీళ్లలో ఆయన బాప్తిస్మం. ఇంకో నపుంసకుడి మీద ఎవరైనా ప్రసంగం విన్నారా? యిర్మీయా 38వ అధ్యాయం తీయండి. ప్రవక్త బురద గోతిలో దిగబడి ఉన్నాడు. రాజు దగ్గర అనుమతి తెచ్చుకున్నవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు. అనుమతి రాగానే తాళ్లు వేసి లాగేయలేదు. ముందు రాజు ఖజానా కింది గదికి వెళ్లి చిరిగిన పాత బట్టలు ఏరి తెచ్చి, గోతిలోకి దించి, తాళ్లు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకోమన్నాడు. తాడు ఒరుసుకుంటే మండుతుందని తట్టింది ఆ ఒక్కడికే. శరీరానికి కత్తి తగిలినవాడికే అది తడుతుందేమో.

మా వెనక గది ఇప్పుడు ఖాళీ చేశాం. కుర్చీలు పాత ఇనపసామాను కొట్టుకు పోయాయి. మంచం, ఫ్యాను, పక్కనే వాష్ బేసిన్, లోపలి గడియ పెట్టించాం. ఇద్దరు పెద్దలు సంఘం మారిపోయారు. దశమభాగం తగ్గింది, ఆ లెక్క కోశాధికారి ప్రతినెలా నాకు గుర్తుచేస్తూనే ఉన్నాడు. ఆపరేషన్లు జరిగే నగరాల్లో, చెన్నైలో, బెంగళూరులో, ముంబైలో, మందిరం ఉన్న ప్రతి తెలుగు సంఘం తాళం వేసిన గది ఒకటి తెరవాలని వచ్చే పాస్టర్ల కూడికలో తీర్మానం పెడుతున్నాను. ఎవరెవరు లేచి వెళ్లిపోతారో పేర్లు కూడా నాకు తెలుసు.

ఆ సోదరికి రెండో ఆపరేషన్ తేదీ ఇంకా రాలేదు. మొన్న ఆదివారం గది చూపించడానికి తీసుకెళ్లాను. గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసింది. "కాస్త కిందికి పెట్టాల్సింది అయ్యగారూ, కుట్లు ఉన్నప్పుడు చెయ్యి పైకెత్తలేం" అంది. బుధవారం వడ్రంగి వస్తున్నాడు.