జ్వరం చీటీ మీద మందు లెక్క రాయాల్సిందే!

వానలు పడ్డాయంటే చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో మళ్లీ చలిజ్వరాలే. ఆశా కార్యకర్త రక్తం చుక్క తీసి, వైవాక్స్ మలేరియా అని తేల్చి క్లోరోక్విన్ ఇస్తుంది. రెండు వారాలకు మళ్లీ వణుకు పుడితే మనిషి ఆర్‌ఎంపీ దగ్గరికో, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వైపో పోతాడు. అక్కడా అవే గోళీలు. ముందేం మింగాడో అడిగే నాథుడు లేడు. చూపించడానికి చీటీ లేదు.

ఆ చీటీ కోసమే ఈ కరపత్రం.

ఒంట్లో మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం అర్ధాయువు. క్లోరోక్విన్‌కు అది ఒకటి రెండు నెలలు. పెద్దవాళ్లకు మూడు రోజుల్లో 4, 4, 2 గోళీలు, మొత్తం 1,500 మిల్లీగ్రాములు. అర్ధాయువు నెలేనని లెక్కగట్టినా, 15 రోజులకు 1,060 దాకా ఒంట్లోనే ఉంటుంది. మీద మరో కోర్సు పడితే 2,560. మోతాదు శ్రుతిమించితే చూపు మసకబారుతుంది, గుండె లయ తప్పుతుంది. పసిపిల్లలకైతే ఒకటి రెండు గోళీలే ప్రాణం మీదికి తేగలవు.

క్లోరోక్విన్‌తో పాటు ఇచ్చే ప్రైమాక్విన్ దీనికి పూర్తిగా ఎదురు. అర్ధాయువు ఆరు గంటలు అటూ ఇటూ. రోజు తిరిగేసరికి మిగిలేది పదహారో వంతు. కాలేయంలో నక్కిన పరాన్నజీవి చావాలంటే 14 రోజులూ మింగాల్సిందే. జ్వరం దిగిందని ఐదో రోజు మానేస్తే అది మళ్లీ లేస్తుంది, మళ్లీ క్లోరోక్విన్ పడుతుంది. పేరుకునే మందు రెండింతలు, పేరుకోని మందు అరకొర!

ఇది అడవిబిడ్డల అమాయకత్వం కాదు. గోళీ చేతిలో పెట్టి లెక్క దాచడం నేరం. వాళ్లకు చదువు రాదన్న సాకు ఇక చెల్లదు. యాభై ఆకుల తునికాకు కట్టలు లెక్కపెట్టి కల్లేదార్‌ను నిలదీసేవాళ్లకు చీటీ మీద రోజుకొకటిగా 14 గళ్లు కొట్టేయడం కష్టమా? సిబ్బందికి పనిభారమంటారా? నాలుగు గీతల పని అది.

లెక్క తప్పితే ఏమవుతుందో దేశం చూసింది. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మలేరియా 1973లో అస్సాంలో బయటపడింది. చాలీచాలని మందు మధ్య బతికిన పరాన్నజీవే మొండికెత్తింది. 2010 నాటికి దేశమంతటా ఫాల్సిపారం చికిత్సలో క్లోరోక్విన్‌ను పక్కన పెట్టాల్సి వచ్చింది. వైవాక్స్‌కు మాత్రం నేటికీ అదే దిక్కు.

భద్రాచలం ఐటీడీఏ, జిల్లా వైద్యశాఖ వెంటనే ప్రతి జ్వరపీడితుడికీ చీటీ ఇవ్వాలి. మందు పేరు, తేదీ, గోళీల సంఖ్య, ఎన్నాళ్లు ఒంట్లో ఉంటుందో అందులో రాయాలి. తెలుగులోనూ కోయలోనూ చదివి వినిపించాలి. ప్రైమాక్విన్‌కు ముందు, ఆ మందు ఒంటికి పడుతుందో లేదో తేల్చే జీ6పీడీ రక్తపరీక్ష చేయాలి. చీటీ చూడకుండా, రక్తపరీక్ష లేకుండా ఎవరూ రెండో కోర్సు ఇవ్వకూడదు. అటు ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరులో, ఇటు సుక్మాలో కూడా ఇదే చీటీ చెల్లేలా మూడు రాష్ట్రాల అధికారులు వచ్చే వానాకాలంలోగా ఒప్పందానికి రావాలి.