పాటల పెట్టె: నాన్న చూసిన డీవీడీ

ఈ సంచికలో సినిమా పాట కాదు, ఒక రాక్ బ్యాండ్ సంగతి. పెద్దవాళ్లు పేజీ తిప్పేయకండి, ఇందులో మీ పాత క్యాసెట్ల వాసన ఉంది.

బ్యాండ్ పేరు గ్లాస్ బీమ్స్. ఊరు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. ముగ్గురే మనుషులు. తళతళలాడే ముసుగులు వేసుకుని వాయిస్తారు. 2021లో ‘మిరాజ్’, 2024 మార్చిలో ‘మహల్’ అనే చిన్న ఆల్బమ్‌లు తెచ్చారు. ‘మహల్’లో ఉన్నవి ఐదు పాటలే. మన అల్ సద్‌లో కారెక్కి మొదలుపెడితే వక్రా చేరేలోపు అయిపోతుంది.

వింటుంటే డెబ్భైల నాటి మన క్లబ్ పాటలు గుర్తుకొస్తాయి. 1973లో వచ్చిన ‘దేవుడు చేసిన మనుషులు’లో ఎల్.ఆర్. ఈశ్వరి గారి పాట ఎరిగినవాళ్లకు ఆ మసక వెలుతురు వాతావరణం వెంటనే తెలిసిపోతుంది. ఇక ఆవిడ గొంతు అందుకోవడమే తరువాయి అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం ఆ గొంతు రాదు.

దీన్ని సైకెడెలిక్ రాక్ అంటారు. పిల్లలూ, నోరు తిరగని ఈ మాటను 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు రెండు గ్రీకు మాటలు కలిపి తయారుచేశాడు. మనసును బయటపెట్టేది అని అర్థం. ఆయన చెప్పింది మత్తుమందుల గురించి. పాటలకు ఆ పేరు తరువాత అంటుకుంది. 1965లో బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ ఒక పాటలో సితార్ వాయించాడు. మరుసటి ఏడాది ‘రివాల్వర్’ ఆల్బమ్‌లో తంబురా శ్రుతి మీద, వెనక్కి తిప్పిన టేపులతో ఒక పాటే కట్టారు. మన హరికథలో, బుర్రకథలో వెనకాల మోగుతూ ఉండే శ్రుతి అక్కడివాళ్లకు కొత్త లోకంలా తోచింది!

హారిసన్‌కు సితార్ నేర్పిన రవిశంకర్ గారికి ఈ మత్తు గోల అస్సలు నచ్చేది కాదు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో ఆయన బృందం శ్రుతి చేసుకుంటుంటే, అదే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టారు. అంతకు ముందు ఏడాదే రవిశంకర్ అన్న కొడుకు ఆనందశంకర్ సితార్‌నూ మూగ్ సింథసైజర్‌నూ కలిపి ఒక ఆల్బమ్ చేశారు. గ్లాస్ బీమ్స్ సంగీతానికి ఆయన పెదనాన్న వరస అనుకోండి.

ఇంతకీ మెల్‌బోర్న్‌లో ఇది ఎలా మొలిచింది? బ్యాండ్ పెట్టిన రాజన్ సిల్వా తండ్రి డెబ్భైల చివర్లో భారతదేశం నుంచి అక్కడికి వలస వెళ్లారు. హారిసన్ పోయిన ఏడాదికి, 2002 నవంబరు 29న, లండన్‌లో ఆయన జ్ఞాపకార్థం ‘కాన్సర్ట్ ఫర్ జార్జ్’ జరిగింది. అందులో అనౌష్కా శంకర్, జెఫ్ లిన్ పాల్గొన్నారు. ఆ డీవీడీని నాన్న ఇంట్లో చూస్తూ ఉండేవారట. కూర్చోబెట్టి నేర్పినట్టు రాజన్ చెప్పగా నేనైతే వినలేదు. చూడటమే గుర్తుంది.

నాకు సంతోషమూ గుబులూ పుట్టించింది ఈ ముక్కే. శుక్రవారం పొద్దున మా ఇంట్లో పాత పాటలు మోగుతుంటే మావాడు చెవుల్లో ఏదో పెట్టుకుని తిరుగుతుంటాడు. వినడం లేదనుకుంటాం. వాడే మొన్న ‘మహల్’ పెట్టి, “నాన్నా, ఇది మన పాటల్లా ఉంది కదూ?” అన్నాడు. సరే, స్వరం చేరిందన్నమాట. మరి మాట? గ్లాస్ బీమ్స్ పాటల్లో గొంతులు రాగం తీస్తాయి గానీ మాటలు దాదాపు ఉండవు. అందుకే ఏ దేశంవాళ్లైనా వింటారు. నా మటుకు అదే లోటు. ఐదు పాటలూ ఒకేలా సాగుతున్నట్టుండి, నాలుగోదానికి వచ్చేసరికి ఎవరైనా ఒక్క చరణం పాడితే బాగుండుననిపించింది. మావాడికి అలా అనిపించలేదు. ఆత్రేయ గారి పాటలో విరుపు వాడికి తెలియాలంటే నేను పక్కన కూర్చుని చెప్పాలి. పోయిన శుక్రవారం ఒక పాట మొదలుపెట్టాం. పల్లవికే గంట పట్టింది. వాడు రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు, కానీ లేచి వెళ్లలేదు.

వినాలనుకుంటే ‘మహల్’ అనే పాటతోనే మొదలుపెట్టండి. బేస్ గట్టిగానే మోగుతుంది, పక్క ఫ్లాటువాళ్లు పడుకున్నారేమో చూసుకోండి.