మన కరపత్రంలో ఒక వాక్యం మార్చాలి

మూడేళ్ళ కిందట జమ్మికుంటలో మేము పంచిన కరపత్రంలో ఇలా ఉంది: "సెల్‌ఫోన్ ఆటలు సంసారాలను కూలుస్తున్నాయి. మీ ఇంట్లో ఎవరి చేతిలో ఆ ఆట కనిపించినా ఫోన్ లాక్కోండి." ఆ వాక్యం రాసింది నేనే. రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది పత్తి మార్కెట్లో హమాలీ పని చేసే ఒకతని భార్య. సీజనంతా బస్తాలు మోసి అతను సంపాదించిందీ, ఆమె సంఘంలో తన పేరు మీద తీసుకున్న అప్పూ కలిపి ఫోన్‌లో రమ్మీకి పోయాయి. ఆట అతని చేతిలో, కిస్తీ ఆమె నెత్తిన. అలాంటి స్త్రీలు మా దగ్గరకు ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే పుట్టిన కోపంతో రాసిన వాక్యం అది. ఆ కోపానికి నేను సిగ్గుపడటం లేదు. కానీ ఆ వాక్యం చివరికి ఎవరి మీద పడిందో తెలిశాక ఊరుకోలేకపోతున్నాను.

మా కరపత్రం చూపించి భర్త చేతిలోంచి ఫోన్ లాక్కున్న స్త్రీ ఒక్కతె కూడా నాకు తారసపడలేదు. కూతురి చేతిలోంచి లాక్కున్న తండ్రి మాత్రం మా ఇంట్లోనే దొరికాడు.

పోయిన బతుకమ్మ పండుగకు ముందు మా చెల్లెలి బిడ్డ నా దగ్గరకు వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మా మరిది ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. పిల్ల రాత్రిపూట ఫోన్‌లో ఆడుతుంటే చూసి ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడట. వచ్చి కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "పెద్దమ్మా, ఫోన్ల ఆటలు ఆడితే ఇల్లు గుల్లయితదని నువ్వే రాసినవట గదా. నేను ఎవల పైసలు పోగొట్టిన?"

మరిదిని అడిగితే తడుముకోకుండా జవాబిచ్చాడు. "వదినె, మీటింగుల మీరే చెప్పిన్రు. మీ మాటే విన్న." అదే పిల్ల అన్న చేతిలో ఫోన్ అర్ధరాత్రి దాకా ఉంటుంది. అది మాత్రం ఆయనకు మా కరపత్రం కిందికి వచ్చే విషయంగా తోచలేదు.

ఆ సాయంత్రం నా ఫోన్‌లోనే ఆ ఆట తెరిచి చూపించమన్నాను. అది రమ్మీ కాదు. హార్త్‌స్టోన్ అనే పత్తాల యుద్ధం. అమెరికాలోని బ్లిజార్డ్ కంపెనీ 2014లో దాన్ని విడుదల చేసింది. దాని పత్తాల మీద జాకీలూ ఆసులూ ఉండవు. మంత్రగత్తెలు, రాక్షసులు, రెక్కల పాములు ఉంటాయి. ఇలాంటి ఆటలకు దారి తీసింది 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితం మనిషి తయారుచేసిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే కాగితపు పత్తాల ఆట. ఇందులో అందరి చేతిలో ఒకే కట్ట ఉండదు. వందల రకాల్లోంచి ఎవరి కట్ట వాళ్ళే ఏరి కట్టుకోవాలి. దాన్ని డెక్ అంటారు. హార్త్‌స్టోన్‌లో మామూలుగా డెక్‌కు 30 పత్తాలు. ఒకే పత్తా రెండుకు మించి పెట్టకూడదు. ప్రతి పత్తాకూ ఒక ధర ఉంటుంది. మొదటి వంతులో ఖర్చు పెట్టడానికి ఒక్క పాలు శక్తి ఇస్తారు, రెండో వంతులో రెండు పాళ్ళు, అలా పది దాకా. బలమైనవే ఏరుకుంటే మొదటి నాలుగైదు వంతులు చేతులు ముడుచుకు కూర్చోవాలి, ఆలోపే ఎదుటివాడు పని పూర్తి చేస్తాడు. చవకవే పెట్టుకుంటే ఆట సాగినకొద్దీ నిలబడలేం.

ఆ పిల్ల ఒక్క పత్తా తీసి ఇంకొకటి పెట్టడానికి గంటసేపు ఆలోచించింది. ఎదుటివాళ్ళు ఈ వారం ఎక్కువగా ఏ రకం డెక్‌తో వస్తున్నారు, వాళ్ళు ఐదో వంతుకు ఏం చేస్తారు, అప్పుడు తన చేతిలో ఏముండాలి అని లెక్కలు చెబుతుంటే నాకు నెలాఖరు సరుకుల చీటీ గుర్తొచ్చింది. ఏది తెచ్చుకోవాలన్నది కాదు, ఏది కొట్టేసినా ఇల్లు నడుస్తుందన్నదే అక్కడా లెక్క.

ఇదేదో పరాయిదేశపు పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. మా నాయినమ్మ ఓనగుంటలు ఆడితే గింజ వేయకముందే చివరి గుంట దాకా లెక్క పట్టుకునేది. పచ్చీసు పట్టం ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఎవరి కాయను ఎప్పుడు కొట్టాలో, ఎవరిని పోనివ్వాలో ఎత్తులు వేసేవాళ్ళు. బొమ్మల పత్తాలు కూడా మనకు కొత్త కాదు. మన ఉత్తర తెలంగాణలోనే నిర్మల్ చిత్రకారులు ఒకప్పుడు గంజీఫా పత్తాలు వేసేవాళ్ళు. దశావతారాల గంజీఫాలో అవతారానికి 12 చొప్పున 120 పత్తాలుంటాయి. చేపా తాబేలూ వరాహమూ పత్తాల మీదికి వచ్చినప్పుడు లేని అభ్యంతరం రెక్కల పాము వస్తే ఎందుకో నాకు తెలియదు.

అసలు విషయానికి వస్తాను. ఆ పిల్ల ఆటలో పెట్టుకున్నది మగపేరు. ఎందుకని అడిగితే ఇంకో కథ బయటపడింది. ఇంటర్‌లో ఉన్నప్పుడు నలుగురు కలిసి జట్టుగా కాల్చుకునే ఆట ఒకటి ఆడేది. అందులో మైకులో మాట్లాడుకోవాలి. ఒకరోజు జట్టువాళ్ళను హెచ్చరించబోయి నోరు తెరిచింది. ఆడగొంతు అని తెలిసిన క్షణం నుంచి ఆట ఆగిపోయింది, బూతులు మొదలయ్యాయి. వాళ్ళు ఎవరో, ఎక్కడివాళ్ళో తెలియదు, కానీ తిట్టింది మాత్రం తెలుగులోనే. ఇంట్లో చెబితే పోయేది ఆ మగవాళ్ళ ఫోన్ కాదు, తన ఫోన్. అందుకే చెప్పలేదు. చెప్పకుండా వెతుక్కుంటూ ఈ ఆటకు వచ్చింది. ఇక్కడ ఆట నడుస్తుండగా ఎదుటివాళ్ళతో అనగలిగినవి ఆరే మాటలు: పలకరింపు, థాంక్స్, బాగా ఆడావు, అబ్బో, అయ్యో, ఒక బెదిరింపు. అవి కూడా వద్దనుకుంటే ఒక్క నొక్కుతో నోరు మూయించవచ్చు. ఆట అయ్యాక స్నేహం కోరుతూ వచ్చేవాళ్ళను ఒప్పుకుంటేనే వాళ్ళు ఇంకేమైనా రాయగలరు. వచ్చిన కోరికలన్నిటినీ తను తిప్పికొడుతుందట.

మన పిల్లలు ఆడుకునే చోట బూతులు సహజం, ఆన్‌లైన్ అంటే అంతే అని పోలీసుల దగ్గరా తల్లిదండ్రుల దగ్గరా ఎన్నోసార్లు విన్నాం. సహజం ఏమీ కాదు. ఒక కంపెనీ మైకు పెట్టింది, ఇంకొకటి ఆరు మాటలు పెట్టింది. కట్టినవాళ్ళ నిర్ణయం అది. వీధి దీపం ఎక్కడ వేయాలో మునిసిపాలిటీని అడిగే మనం, ఇక్కడ దీపం ఎందుకు లేదని కంపెనీలను ఎందుకు అడగం? ఫోన్‌లో వెంటపడి వేధించడం నేరమని 2013లో చట్టంలోకి వచ్చింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌గా ఉంది. కానీ ఫిర్యాదు చేస్తే తన ఫోన్ పోతుందని భయపడే పిల్లకు ఆ సెక్షన్ ఏ రకంగా అందుతుంది?

ఆ ఫోన్ కూడా ఎంతమందికి ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు 100కు 57 మంది, స్త్రీలు 27 మంది కూడా లేరు. ఇక తీరిక సంగతి. 2024 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మా చెల్లెలి బిడ్డ గిన్నెలు తోమి, నీళ్ళు పట్టి, తమ్ముడికి లెక్కలు చెప్పి, రాత్రి పదిన్నరకు ఆడిన ముప్పావు గంట వీటన్నిటిలోంచి మిగుల్చుకున్నది. కూలీ గురించీ ఆస్తి గురించీ ఇంత మాట్లాడిన మనం ఆడపిల్ల ఆట గురించి ఏం మాట్లాడాం? చదువుకు పనికొస్తుందనో, తెలివి పెరుగుతుందనో చెప్పి దాన్ని సమర్థించాలని కూడా నాకు లేదు. మగపిల్లాడి క్రికెట్‌ను ఎవరూ అలా సమర్థించరు.

జూదానికీ ఆటకూ తేడా చట్టం ఎప్పటినుంచో చూస్తోంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ మాటను అడ్డం పెట్టుకునే తర్వాతి కాలంలో రమ్మీ కంపెనీలు మన ఫోన్లలోకి దిగాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదనతో పని లేకుండా, డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్ళకు శిక్ష లేదు. పందెం లేని పోటీ ఆటలను అదే చట్టం ఈ-స్పోర్ట్స్ పేరుతో గుర్తించింది. అంటే చట్టం చూసిన తేడాను మన కరపత్రం చూడలేదు.

అయితే మధ్యలో ఒక బురదనేల ఉంది. కొత్త పత్తాలు ప్యాకెట్లలో వస్తాయి. ప్యాకెట్‌కు ఐదు. విప్పేదాకా ఏమొస్తుందో తెలియదు. ఆడి సంపాదించుకోవచ్చు, ఓపిక లేకపోతే డబ్బు పెట్టి కొనవచ్చు. గెలిస్తే డబ్బు రాదు కాబట్టి దీన్ని పందెమని అనరు. కానీ చీటీ ఎత్తే ఆత్రం మాత్రం అదే. ఆ పిల్ల రెండేళ్ళూ పైసా పెట్టలేదని మొదట చెప్పి, తర్వాత ఒకసారి స్కాలర్‌షిప్ డబ్బులోంచి 400 రూపాయలు పెట్టానని ఒప్పుకుంది. (ఈ సంగతి ఇక్కడ రాయడానికి తనే ఒప్పుకుంది, వాళ్ళ నాయినకు కూడా చెప్పేసింది.) 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ కొన్ని ఆటల్లో డబ్బుకు అమ్మే ఇలాంటి గుడ్డి పెట్టెలు జూదం కిందికే వస్తాయని తేల్చింది. ఎన్ని ప్యాకెట్లకు ఏ రకం పత్తా వస్తుందో బయటపెట్టాలని చైనా 2017 నుంచి నిబంధన పెట్టింది. మనం కోపం చూపాల్సిన చోటు ఇది.

పేరు దాచుకోకుండా ఆడినవాళ్ళు ఉన్నారు. 2014లో అంతర్జాతీయ ఈ-స్పోర్ట్స్ సమాఖ్య తన హార్త్‌స్టోన్ పోటీని మగవాళ్ళకే కేటాయించింది. బల్ల ముందు కూర్చుని పత్తాలు తిప్పడానికి కండబలం ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు, గొడవ జరిగాక ఆ నిబంధన ఎత్తేశారు. 2019 నవంబరులో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో బ్లిజార్డ్ అభిమానుల మేళా, బ్లిజ్‌కాన్, జరిగింది. అక్కడి ప్రపంచ ఫైనల్లో చైనా అమ్మాయి లీ షియావ్‌మెంగ్ 3-0తో గెలిచింది. ఆ టైటిల్ గెలిచిన మొదటి స్త్రీ ఆమె. అంతకు రెండేళ్ళ ముందు ఒక పోటీ దగ్గర లైన్లో నిలబడితే, ఆడపిల్లవు, ఈ లైను నీది కాదని ఒకడు అన్నాడని ఆమె గెలిచాక గుర్తుచేసుకుంది. మా పిల్లకు ఆ ఆట ఎత్తులన్నీ నోటికి వచ్చు.

ఆ మేళా నడిపిన కంపెనీ లోపల ఏం జరిగిందో కూడా తనకు చెప్పాను. స్త్రీలపై వివక్ష, లైంగిక వేధింపులు జరిగాయంటూ 2021 జులైలో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఆక్టివిజన్ బ్లిజార్డ్ మీద దావా వేసింది. అదే నెలలో ఉద్యోగులు పని ఆపి బయటికి వచ్చారు. 2023 డిసెంబరులో జీతాల వివక్ష అంశం మీద సుమారు 5.4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే ఆట ఆడొద్దా?" అంది. మిల్లులో వేధింపులు ఉన్నాయని మనం చీర కట్టడం మానం, మిల్లు ముందు ధర్నా చేస్తాం అన్నాను. ఈ జవాబు నాకే పూర్తిగా తృప్తినివ్వలేదు.

హైదరాబాద్‌లో 2013లో కామిక్ కాన్ మొదలైనప్పటి నుంచి ఇలాంటి మేళాలు మనకూ అలవాటయ్యాయి. వాటిలో ఒకదానికి జమ్మికుంట స్టేషన్‌లో రైలెక్కి తనను నేనే తీసుకెళ్ళాను. తను పసుపు దుపట్టాతో, అట్టతో కుట్టిన రెక్కలతో మంత్రగత్తె వేషం వేసుకుంది. గంటసేపు ఆ పిల్ల ముఖంలో ఉన్న వెలుగు నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఒకడు అడగకుండా వెనకనుంచి ఫొటోలు తీస్తూ తిరిగాడు. ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఫిర్యాదు బల్ల ఎక్కడా కనిపించలేదు, టికెట్లు చూసే కుర్రాడు నవ్వి వదిలేశాడు. వేషం వేసుకోవడం అంటే ఒప్పుకోవడం కాదని న్యూయార్క్ కామిక్ కాన్ 2014లోనే బోర్డులు పెట్టింది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం, 2013, ఉద్యోగం చేసే స్త్రీకే కాదు, అక్కడికి వచ్చిన ఏ వయసు స్త్రీకైనా ఫిర్యాదు హక్కు ఇస్తోంది. వచ్చే మేళాకు ముందే నిర్వాహకులను కమిటీ వివరాలు అడుగుతూ ఉత్తరం రాయడం మనలాంటి సంఘాలు చేయగల పని.

ఈ విషయం మా నెల సమావేశంలో పెట్టాను. హమాలీ భార్య అక్కడే ఉంది. అంతా విని లేచింది. "అక్కా, గా ఫరకు నీకు ఎరుక. మా ఆయినకు ఎరుకనా? ఉత్తుత్త ఆటతోనే షురూ చేసిండు. గా ఆటల నడుమనే రమ్మీ ఇస్తార్లు వచ్చినయి." ఆమె మాట అబద్ధం కాదు. ఊరికే వచ్చే ఆటల మధ్య ఆ ప్రకటనలు గుప్పించినవాళ్ళు కోట్లు దండుకున్నారు. అందుకే కొత్త వాక్యంలో ప్రకటనల మాట కూడా చేర్చమన్నాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

మరిది ఫోన్ తిరిగి ఇచ్చాడు, రాత్రి తొమ్మిది దాకానే అన్న షరతుతో. అన్నకు కూడా తొమ్మిదేనా అని పిల్ల అడిగింది. దానికి ఇంకా జవాబు రాలేదు. పాత కరపత్రాలు మా ఆఫీసులో రెండు కట్టలు మిగిలి ఉన్నాయి. వాటిని ఇక పంచవద్దని కార్యవర్గానికి రాసిచ్చాను. మీ ఊళ్ళకు పంపినవి మీ దగ్గర ఉంటే, ఆ వాక్యం మీద గీత కొట్టి పంచండి.