తెర కట్టేదెవరు?

మన ఆత్మకూరు, ఉదయగిరి మెట్టపల్లెల్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. రామాయణం పుస్తకంలో కాదు, తోలుబొమ్మలాటలో తెలుసుకున్నామనే వాళ్ళు ఇంకా కనబడతారు. ఊరి బయట నాలుగు గుంజలు పాతి, తెల్లటి పంచెలు తెరగా కట్టి, వెనక దీపం పెడితే చాలు, ఊరంతా చాపలతో వచ్చి కూర్చునేది. వాన కోసం విరాటపర్వం ఆడించడం తెలుగునాట పాత నమ్మకం. వాన పడినా పడకపోయినా పిల్లలకు భారతం తెలిసేది!

ఈ ఆటలో మరొక గొప్పతనం ఉంది. రావణాసురుడు ఎంత గర్జించినా, మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చారంటే నిద్రపోయే పిల్లలు గూడా లేచి కూర్చుంటారు. వాళ్ళ నోట దేవుడి కథ ఊరి కథ అవుతుంది. కరణం, షావుకారు అందరూ ఆ నోట పడాల్సిందే. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ తెరవెనక తెలుగు పద్యాలు పాడిన కుటుంబాలెన్నో ఈ కళను మోశాయి.

ఇప్పుడేమయింది? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ ఆ తోలు మీద ఇవాళ ఎక్కువగా గీస్తున్నది లాంపుషేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. చేతిపనికి కూడు దొరుకుతున్నది, మంచిదే. ఆటకు మాత్రం పిలుపు లేదు. గోడకెక్కిన హనుమంతుడు లంకకు దూకలేడు గదా!

పాలస్తీనా వైపు చూడండి. అక్కడ చలికాలం రాత్రుళ్ళు ముసలి అవ్వలు పిల్లలకు చెప్పే కథలను 'హికాయె' అంటారు. 2008లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. కథకుణ్ణి అక్కడ 'హకవాతి' అంటారు. ఆ పేరే పెట్టుకున్న నాటకబృందం 1984లో జెరూసలెంలో ఒక రంగస్థలాన్ని నిలబెట్టింది. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంలో గాజా ఇళ్ళు నేలమట్టమైతే, ఒక కళాకారుడు ఖాళీ ఆహారపు డబ్బాలతో బొమ్మలు చేసి గుడారాల్లోని పిల్లల ముందు ఆడించాడు. తిండికే కరువైన చోట బొమ్మ అవసరమని వాళ్ళకు తోచింది. మన ఊళ్ళమీద ఏ బాంబూ పడలేదు. మన తెరను మనమే విప్పేశాం.

'సెల్‌ఫోను రోజుల్లో ఇదెవరు చూస్తారు?' అంటారు కొందరు మిత్రులు. ఆడించి చూస్తే గదా తెలిసేది! సెల్‌ఫోనులో బొమ్మ ఒక్కడి చేతిలో ఉంటుంది. అది ఎదురుగా కూర్చున్న పిల్లవాడి పేరు పెట్టి పిలవదు. బంగారక్క పిలుస్తుంది.

కాబట్టి విద్యార్థి సంఘానికి ఒక ప్రతిపాదన. వార్షికోత్సవంలో సౌండు సిస్టానికి పెట్టే డబ్బులో కొంత తీసి, ఒక తోలుబొమ్మల బృందాన్ని పిలుద్దాం. 'సంస్కృతిని కాపాడుతున్నాం' అనే బ్యానరు వద్దు. కళాకారులకు శాలువా కప్పి పంపడం అసలే వద్దు. అడిగిన కూలి పూర్తిగా, ముందుగా ఇద్దాం. అరగంట 'ఐటం' కాకుండా రాత్రంతా ఆడనిద్దాం. చుట్టుపక్కల పల్లెల పిల్లలను, వాళ్ళ అమ్మానాన్నలను, అవ్వాతాతలను పిలుద్దాం. ప్రిన్సిపాలు గారినీ, అధ్యాపకులనూ చాపమీదే కూర్చోబెడదాం. జుట్టుపోలిగాడు మన కాలేజీ మీద నాలుగు మాటలు విసిరితే నవ్వుకుందాం. గుంజలు పాతడానికి, తెర కట్టడానికి పది మంది కావాలి. పేర్లు ఇవ్వండి.