జాకెట్ కావాలి, కానీ జాకెట్‌తో సరిపెట్టొద్దు

గోదావరిలో పడవ మునిగిన ప్రతిసారీ పైవాళ్ల నుంచి ఒకటే మాట వస్తుంది: లైఫ్ జాకెట్లు వేసుకోలేదు. మన ఊళ్లలో దానికి ఎదురుమాట ఉంది: ఏటి ఒడ్డున పుట్టినవాళ్లం, ఈత వచ్చు, జాకెట్ ఎందుకు? రెండూ సగం నిజాలే. ఆ సగం నిజాల మధ్య మన మనుషులు పోతున్నారు.

ముందు ఈత సంగతి చూద్దాం. పడవ తిరగబడి తలకు చెక్క తగిలితే స్పృహ పోతుంది, స్పృహ లేనివాడికి ఈత రాదు. చంకలో బిడ్డ ఉన్న తల్లికి చేతులు ఆడవు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడింది 26 మంది. ఒడ్డునున్న గిరిజనులు నాటుపడవలు వేసుకుని వెళ్లి, నీళ్లమీద తేలుతున్నవాళ్లను లాగారు. తేలితేనే కదా లాగగలిగేది! ఉక్కపోతకి చాలామంది జాకెట్లు తీసేశారని బతికినవాళ్లే చెప్పారు. జాకెట్ విలువ అక్కడ తెలిసింది.

దాని హద్దు ఎక్కడో అంతకు ముందు ఏడాదే తెలిసింది. 2018 మే 15న కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానలో మునిగింది. అందులో ఎక్కువమంది మనవాళ్లే. వాన కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకున్నారు. చాలామంది లోపలే చిక్కుకుపోయారు. అలాంటి చోట జాకెట్ తొడిగినా అది మనిషిని పైకప్పుకి అదుముతుంది, కిందికి మునిగి కిటికీలోంచి బయటపడనివ్వదు. అక్కడ ప్రాణం కాపాడేది తెరిచి ఉన్న దారి, గాలివానని చూసి లాంచీని ఒడ్డుకి చేర్చే సరంగు. వరద గెడ్డలో చెట్టుకొమ్మల మధ్య ఇరుక్కున్నా, చెక్‌డ్యామ్ కింద సుడిలో పడినా జాకెట్‌ని నమ్మలేం. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకి తొడిగితే నీళ్లలో అది తలమీదుగా జారిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాపికొండలు చూడటానికి వచ్చేవాళ్లకి పడవ ఒక రోజు సరదా. మనకది సంతకి దారి, ఆసుపత్రికి దారి. ముంచంగిపుట్టు వైపు జోలాపుట్ జలాశయం పక్క ఊళ్లవాళ్లు నాటుపడవలో దాటేది సరదాకి కాదు. కరెంటు కోసం లోయని ముంచినవాళ్లు ఆ నీళ్లు దాటే దారి కూడా చూపించాలి కదా. చేతిలో జాకెట్ పెట్టి వంతెన బాకీ ఎగ్గొడతామంటే ఒప్పుకోం. డోలీకి కొత్త గుడ్డ ఇచ్చి రోడ్డు వేశామన్నట్టుంటుంది అది.

అలాగని వంతెన వచ్చేదాకా జాకెట్ వద్దనడం కూడా తెలివి కాదు. వంతెనకి ఏళ్లు పడుతుంది, రేపు పొద్దున్నే ఏరు దాటాలి. అందుకే రెండూ అడుగుదాం. ప్రతి రేవులో పిల్లల కొలతతో సహా జాకెట్లు ఉండాలి. పడవలో ఎంతమంది ఎక్కాలో రాసి పెట్టాలి. గాలివానలో, వరదలో పడవ ఆపే అధికారం ఊరికి ఉండాలి.

మాస్టార్లూ, పట్టీలు బిగించడం బడిలో ఒక్కరోజు నేర్పండి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడమనండి. చెవులదాకా లేస్తే అది వదులు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సీజన్‌లో జాకెట్ వేసుకునే ఏరు దాటండి. దాటి వెళ్లి వంతెన కోసం అర్జీ పెట్టండి.