ఖాళీ నేల అనే పాఠం

అమెరికాలో ఉండే మా చెల్లెలు మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. నాలుగో తరగతి చదివే నా మేనకోడలు పొడుగు గౌను తొడుక్కుని, తలకి గుడ్డ టోపీ కట్టుకుని, సీసాలో మీగడ పోసి ఊపుతోంది. వెన్న తీస్తోందట. "బళ్లో పయనీర్ డే అన్నయ్యా. నెల రోజులుగా అన్ని సబ్జెక్టుల్లోనూ ఇదే పాఠం" అంది చెల్లెలు.

పాపని అడిగాను. "ఆ గడ్డి మైదానాల్లో అంతకుముందు ఎవరుండేవాళ్లమ్మా?"

"ఎవరూ లేరు మామయ్యా. ఖాళీ. అందుకే ఫ్రీగా ఇచ్చారు."

మిత్రులారా, ఈ వారం పోస్టు ఆ "ఖాళీ" గురించి.

ముందు ఒక మాట ఒప్పుకుంటాను. ఆ బోధనా పద్ధతి చూస్తే పాఠాలు చెప్పేవాడిగా నాకు అసూయే. లెక్కల్లో 160 ఎకరాల చదరం కొలుస్తారు, బండికి ఎన్ని బస్తాల పిండి పడుతుందో లెక్కేస్తారు. సైన్సులో గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టి పెళ్లలతో కట్టిన ఇల్లు చలికాలం ఎలా వెచ్చగా ఉంటుందో చెప్తారు. భాషలో కథ చదువుతారు. చేతిపనుల్లో వెన్న, కొవ్వొత్తులు. మన బడుల్లో తెలుగు సారు ఏం చెప్తున్నాడో లెక్కల సారుకి తెలీదు. అక్కడ అందరూ కలిసి ఒకే లోకాన్ని పిల్ల ముందు నిలబెడతారు. చేత్తో చేసింది పిల్లలు మర్చిపోరు.

నా గొడవ కూడా సరిగ్గా అక్కడే. ఒక సబ్జెక్టులో అబద్ధం ఉంటే ఇంకో సబ్జెక్టు సరిదిద్దొచ్చు. అన్నీ కలిసి ఒకే అబద్ధం చెప్తే ఆ పిల్ల ఎటు పోయి నిజం తెలుసుకోవాలి?

1862 మే 20న లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు కట్టి, ఐదేళ్లు అక్కడే ఉండి, ఇల్లు కట్టి సాగుచేస్తే 160 ఎకరాలకు పట్టా. చట్టం నడిచిన కాలమంతా కలిపి సుమారు 16 లక్షల పట్టాలు, దాదాపు 27 కోట్ల ఎకరాలు. ఆ దేశపు నేలలో పదో వంతు. అదే ఏడాది డిసెంబర్ 26న మిన్నెసోటా రాష్ట్రం మాంకేటోలో 38 మంది డకోటా మనుషుల్ని ఒకేసారి ఉరి తీశారు. ఒప్పందం ప్రకారం రావాల్సిన డబ్బు రాక, తిండి లేక తిరగబడ్డ జాతి అది. ఆ ఉరికీ లింకన్ సంతకమే. మరుసటి ఏడాది డకోటాల ఒప్పందాల్ని రద్దు చేసి, వాళ్లని ఆ రాష్ట్రం నుంచే తరిమేశారు. ఖాళీగా ఉన్న నేల కాదు, ఖాళీ చేయించిన నేల.

ఈ పాఠాలకు ఎక్కువగా ఆధారం లారా ఇంగాల్స్ వైల్డర్ పుస్తకాలు. 1935లో వచ్చిన 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రైరీ'లో ఆ కుటుంబం గుడిసె వేసుకున్నది కాన్సస్‌లోని ఓసేజ్ జాతి నేల మీద. సర్కారు అప్పటికి దాన్ని వలసదారులకు తెరవనే లేదు. అంటే ఆక్రమణే. అక్కడ మనుషులు లేరని, ఇండియన్లు మాత్రమే ఉన్నారని అర్థమొచ్చే మాట ఆ పుస్తకం మొదట్లోనే ఉండేది. 1953లో గానీ "మనుషులు" తీసేసి "వలసదారులు" అని దిద్దలేదు. పద్దెనిమిదేళ్లు పిల్లలు ఆ మాట చదివారు.

మనకు ఆ వాక్యం కొత్తదా? తెలుగు కథల్లో "ఊరంతా కదిలొచ్చింది" అని చదివినప్పుడల్లా నేను వెతుక్కుంటాను, అందులో వాడ ఉందా అని. మన తాతలు గొడ్లు మేపుకుని, శవాల్ని పూడ్చుకున్న నేలకి రికార్డులో పేరు బంజరు, పోరంబోకు. కాగితం మీద ఖాళీ ముందొస్తుంది, నేల మీద ఖాళీ తర్వాత వస్తుంది.

వలస వచ్చినవాళ్లు కష్టపడలేదా? పడ్డారు. చలికి, మిడతల దండుకి, కరువుకి చచ్చారు కూడా. కానీ తరాల తరబడి పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లజాతి బానిసలది కష్టం కాదా? 1865 జనవరిలో జనరల్ షెర్మన్ వాళ్లకి నలభై ఎకరాల చొప్పున ఇవ్వాలని ఆదేశమిచ్చాడు. ఆ ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకే తిరిగి అప్పగించాడు. సర్కారు ఇచ్చిన నేల తెల్లవాళ్ల చేతిలో "స్వయంకృషి" అయింది. నల్లవాళ్లు అడిగితే దానమయింది. మన దగ్గర రిజర్వేషన్ అనగానే మెరిట్ పాట అందుకునేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

బళ్లో ఆ గౌను తొడిగించిన మన తెలుగు తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్లకి ఆ బండిలో చోటుండేది కాదు. పట్టా కావాలంటే పౌరుడై ఉండాలి, లేదా పౌరుడిగా మారతానని ప్రకటించాలి. బయటి నుంచి వచ్చి పౌరసత్వం పొందే హక్కు మొదట తెల్లవాళ్లకే, 1870 తర్వాత ఆఫ్రికా మూలాలున్నవాళ్లకూ. భారతీయులకు లేదు. భగత్ సింగ్ థింద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆయన వాదన ఏమిటో తెలుసా? నేను పై కులం ఆర్యుణ్ని, కాబట్టి తెల్లవాణ్ని అని! 1923లో కోర్టు కొట్టేసింది. సముద్రం దాటాక కూడా కులాన్నే టిక్కెట్టుగా చూపించి బండెక్కాలనుకున్నారు. బండి ఆగలేదు.

ఎమ్మెస్‌కి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకూ సంబంధముంది. ఐయోవా స్టేట్, కాన్సస్ స్టేట్ లాంటి విశ్వవిద్యాలయాలు అదే 1862లో వచ్చిన మొరిల్ చట్టం కింద, ఆదివాసుల నుంచి తీసుకున్న భూముల సొమ్ముతో నిలబడ్డవే. మీ క్యాంపస్‌కి సొమ్మిచ్చిన నేల ఏ జాతిదో వెతకండి.

పాఠం ఎత్తెయ్యమని నేననను. వెన్న తీయించండి. దాంతోపాటు లెక్కల్లో ఈ తీసివేత చేయించండి: 1887లో ఆదివాసుల చేతిలో 13.8 కోట్ల ఎకరాలు, 1934కి 4.8 కోట్లు. తేడా ఎంత? ఎవరికి పోయింది? సైన్సులో కోట్లలో ఉన్న అడవిదున్నలు కొన్ని వందలకు ఎలా పడిపోయాయో చెప్పండి. లోతుగా వేళ్లు పాతుకున్న గడ్డిని దున్నేశాక 1930ల్లో ఆ మట్టే దుమ్ముతుఫానై ఎలా లేచిందో చెప్పండి. సాంఘికంలో, విముక్తులైన నల్లజాతి కుటుంబాలు 1877లో కాన్సస్‌లో కట్టుకున్న నికోడెమస్ ఊరు గురించి చెప్పండి. భాషలో లారా పక్కనే, లూయీస్ ఎర్డ్రిక్ 1999లో రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్' పెట్టండి. అందులోనూ ఒక చిన్నపిల్లే. ఓజిబ్వే పిల్ల. ఆమె ఇంట్లో నిలబడి చూస్తే వచ్చే బండి వేరేగా కనిపిస్తుంది.

ఇదంతా తొమ్మిదేళ్ల పిల్లకి బరువు కాదా అంటారు. ఓసేజ్ పిల్లలకు ఆ వయసులోనే ఇల్లు వదిలి నడవడం బరువు కాలేదా?

మేనకోడలికి ఇందులో సగం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "మరి ఆ ఓసేజ్ పిల్లలు ఇప్పుడెక్కడున్నారు మామయ్యా?"

ఓక్లహోమాలో ఉన్నారమ్మా. తమ పేరుతో, తమ ప్రభుత్వంతో. రేపు బళ్లో మీ టీచర్‌ని కూడా ఇదే ప్రశ్న అడుగు.

జై భీమ్.